ముందు మామయ్యను దించు

ఏప్రిల్ 4

అత్తయ్యకి, అత్తయ్య భుజం మీంచి ఈ ఉత్తరం తొంగిచూస్తున్న మామయ్యకి,

నువ్వు ట్రాక్టరు కొన్నావన్న వార్త నాన్న చెప్పాడు. చెప్పి, నవ్వాలో భయపడాలో తేల్చుకోలేక దగ్గాడు. "మా చెల్లెలు చిన్నప్పుడు సైకిలు కూడా గోడకేసే తొక్కేది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. నా చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి స్టీరింగు పట్టుకుంటే తప్పేముంది?

నా దగ్గరా ఒక వార్త ఉంది. కాలేజీ సెలవుల్లో ఖాళీగా కూర్చోకుండా ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాను. కంగారు పడకు, నేను బిగించేది నట్లు కాదు, మాటలు. కొత్తగా నడిపేవాళ్లకి జాగ్రత్తలు చెప్పే కాగితం ఒకటి అచ్చువేసి, ప్రతి ట్రాక్టరుకీ సీటు ఎదురుగా అంటిస్తారట. ఆ కాగితం మీద తెలుగు నాది! షెడ్డు పెద్ద మెకానిక్కుని అందరూ గ్రీజు మాస్టారు అంటారు. ఆయన విషయం చెబుతారు, నేను వాక్యం చేస్తాను. చక్రాలు రెండింటినీ కలిపే ఆ కడ్డీని 'ఇరుసు' అంటారని తెలిశాక ఆ మాటను రోజంతా నోట్లో తిప్పుకుంటూ తిరిగాను. ఎంత గుండ్రంగా ఉందో!

అసలు సంగతికి వస్తాను. వాలు మీద చెట్లు కొట్టేయగా మిగిలిన మొద్దులన్నీ ట్రాక్టరుతో పీకేసి, వానలు పడేలోపు మొక్కలు నాటాలని చూస్తున్నావట. అత్తయ్యా, ట్రాక్టరు వెనక్కి తిరగబడడం అని ఒకటుంది. కదలనంత బరువుకి కట్టి లాగితే పెద్ద చక్రాలు తిరగలేవు. ఇంజిను మాత్రం ఊరుకోదు. చక్రాన్ని తిప్పలేక, ఆ ఇరుసు చుట్టూ ట్రాక్టర్నే తిప్పేస్తుంది. ముక్కు గాలిలోకి లేస్తుంది, వెల్లకిలా పడుతుంది. నడిపేవాళ్లు దాని కిందే ఉంటారు. "అమ్మో" అనడానికి కూడా వ్యవధి ఉండదని గ్రీజు మాస్టారు చెబుతుంటే నాకు నువ్వే కళ్లలో మెదిలావు.

కాబట్టి రెండే రెండు ముక్కలు గుర్తుపెట్టుకో. గొలుసు కిందికి కట్టు. ముందు బరువు ఉండాలి.

ఈ రెండూ కాగితం కోసం నేను రాసిన వాక్యాలే. గ్రీజు మాస్టారు చదివి, "ఇంత పొట్టిగా రాసేవాళ్లు నాకు ఇన్నాళ్లూ దొరకలేదమ్మా" అన్నారు. ఆ పూట నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నువ్వు దిద్దించిన అక్షరాలతో,
నీ కోడలు


ఏప్రిల్ 9

కోడలు పిల్లా,

మీ నాన్న దగ్గుకి మందు నా దగ్గర ఉందని చెప్పు. సైకిలు గోడకేసి తొక్కలేదు నేను. గోడే అడ్డం వచ్చింది.

ఉత్తరం చేరింది. మీ మామయ్య పైకి చదివి వినిపించారు. ఆయన కుట్టుమిషను ఆపి చదివారంటేనే చూసుకో, నీ రాతకి ఈ ఇంట్లో ఎంత విలువో. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. "గొలుసు కిందికి కట్టు" అన్నావుగా. మొద్దు చుట్టూ మట్టి తవ్వించి, వేళ్ల దాకా దించి మరీ కట్టాను. ఇటు కొస ఎప్పటిలాగే సీటు వెనక ఎత్తుగా ఉన్న పిన్నుకి తగిలించాను. పైకి రావాల్సినదాన్ని పైనుంచి లాగాలి కదా, బావిలో బకెట్టు తోడినట్టు.

ఇక "ముందు బరువు ఉండాలి" అన్నావు. నేను ఇల్లంతా కలియజూశాను. మీ మామయ్యని మించిన బరువు నాకేమీ కనిపించలేదు. బానెట్ మీద కూర్చోబెట్టాను.

"దర్జీని పట్టుకుని ఇసక బస్తాను చేశావేమిటే?" అన్నారు.

"కోడలు రాసింది."

"నన్ను కూర్చోబెట్టమని రాసిందా?"

"బరువు అని రాసింది. మళ్లీ మీ పేరు విడిగా రాయాలా?"

మెడలో టేపు వేలాడేసుకుని, హెడ్‌లైటు పట్టుకుని, ఊరేగింపుకి బయల్దేరినట్టు కూర్చున్నారు. వీధిలో వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ. చిన్న మొద్దులు పళ్లు ఊడినట్టు ఊడొచ్చాయి. ఎగువన పెద్దది ఒకటి మిగిలింది. నలుగురం చేతులు చాచి పట్టుకున్నా చుట్టు అందదు. దాని పని సోమవారం పడతాను.

షెడ్డులో వేళకి తిను. గ్రీజు చేతులతో తినకు.

మీ అత్తయ్య


ఏప్రిల్ 12

టెలిగ్రాము

ముందు మామయ్యను దించు వెనక ఉత్తరం


ఏప్రిల్ 12

అత్తయ్యా,

టెలిగ్రాము అందే ఉంటుంది. నీ ఉత్తరం చదివాక పరుగెత్తి టెలిగ్రాము ఇచ్చి, అక్కడే బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. టెలిగ్రాములో మాటలు పొదుపుగా వాడాలి కదా, ఐదు మాటల్లో అంతా ఇమిడిపోయింది. ఇంత భయంలోనూ, నిజం చెప్పొద్దూ, ఆ వాక్యం చూసుకుని కాస్త మురిసిపోయాను.

బరువు అంటే మనిషి కాదు! ఇనప పలకలు. వాటిని బోల్టులతో బిగిస్తారు. మనిషి జారి పడితే చక్రం ఆయన మీదుగానే పోతుంది. వచ్చేముందు షెడ్డులో గ్రీజు మాస్టారికి నీ ఉత్తరం చూపించాను. బానెట్ దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"మీ మామయ్యకి ఇన్సూరెన్సు ఉందా?" అన్నారు.

"లేదండి."

"అయితే ట్రాక్టర్ని అయినా కాపాడండి."

అది ఆయన హాస్యం. నాకు నవ్వు రాలేదు.

ఇంకోటి. గొలుసు కిందికి కట్టమన్నది మొద్దు వైపు కాదు, ట్రాక్టరు వైపు! వెనక ఇరుసు కన్నా దిగువన, బయటికి చాచుకుని ఒక ఇనప కడ్డీ ఉంటుంది చూడు, దానికే తగిలించాలి. సీటు వెనక పిన్నుకి కడితే ఆ మొద్దు నిన్ను జుట్టు పట్టుకుని వెనక్కి లాగినట్టే. కింద కడితే ముక్కు లేచేకొద్దీ ఆ కడ్డీ ఇంకా కిందికి పోతుంది, లాగుడు బలం తగ్గుతుంది. సోమవారం లోపు ఇది నీకు చేరాలని తపాలా పెట్టెను రెండుసార్లు తట్టి మరీ వేస్తాను.

కంగారుగా,
నీ కోడలు


ఏప్రిల్ 16

ఒసేయ్ మొద్దూ,

తిట్టు కాదు, ముద్దు. ఈ మధ్య నాకు మొద్దులు తప్ప వేరే ధ్యాస లేదు. అందరం బాగానే ఉన్నాం. అది ముందు రాసి తర్వాత మిగతాది రాయమని మీ మామయ్య అంటున్నారు.

టెలిగ్రాము ఆదివారం వచ్చింది. తెచ్చినాయన మా గుమ్మంలోనే నిలబడి గట్టిగా చదివాడు. ముందు మామయ్యను దించు, వెనక, ఉత్తరం. మేమిద్దరం చాలాసేపు దాని మీదే కూర్చున్నాం. ముందు కూర్చున్న మామయ్యను దించమంటోంది, అంతవరకు తెలిసింది. మరి ఎక్కడ కూర్చోబెట్టాలి? వెనక. వెనక ఎటు వైపు? ఉత్తరం వైపు. షెడ్డులో ఉన్నదానివి, లెక్క కట్టే పంపి ఉంటావనుకున్నాం. ట్రాక్టరు ముక్కు తూర్పుకి పెడతాను కాబట్టి ఉత్తరం అంటే ఎడమ చేతి మడ్‌గార్డు. సోమవారం పొద్దున్న మీ మామయ్యని దాని మీదకి ఎక్కించాను. "ఇంత నిక్కచ్చిగా చెప్పే పిల్ల మన వంశంలో ఇంకొకతె లేదు" అని కూడా అన్నారు ఆయన.

తర్వాత ఏమైందో నువ్వే ఊహించుకో. పెద్ద మొద్దు కదల్లేదు. ఇంజిను మూలిగింది. నేను క్లచ్ ఇంకా పూర్తిగా వదల్లేదు, సగంలో ఉన్నాను. అదే మంచిదైంది. కోపమొస్తే నేను ఒంటికాలి మీద లేస్తానని మీ నాన్న అంటుంటాడుగా, నా ట్రాక్టరు వెనక కాళ్ల మీద లేచింది. నాకు నేల కనిపించడం మానేసింది. ఆకాశం ఒక్కటే. కాలు దానంతటదే క్లచ్‌ని తొక్కేసింది. ముక్కు ధడేల్మని కిందికి దిగింది. పళ్లు టకటకలాడాయి. వెనక్కి తిరిగి చూస్తే మడ్‌గార్డు మీద ఎవరూ లేరు.

నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. మీ మామయ్య మొద్దుకి ఇవతల, తవ్విపోసిన మట్టిలో, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. మెడలో టేపు అలాగే ఉంది.

నీ ఉత్తరం మర్నాడు వచ్చింది. ఉత్తరం అంటే ఉత్తరమే అని అప్పుడు తెలిసింది.

కింద ఆయన ఏదో రాస్తారట, చోటు వదిలాను.

మీ అత్తయ్య

అమ్మాయ్, నాకు దెబ్బలేమీ తగల్లేదు. ప్యాంటు చిరిగింది, నేనే కుట్టుకున్నాను. ఆ చిన్న చక్రాలు రెండూ నేలను వదిలేసి, ఎవరూ తొక్కని సైకిలు చక్రాల్లా ఊరికే గాలిలో తిరుగుతుంటే చూశాను. మీ అత్తయ్య వీపు నా వైపు ఒరిగి వస్తోంది. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. దానికి చెప్పకు. - మామయ్య


ఏప్రిల్ 20

అత్తయ్యా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. 'ముందు' అనే మాటని ఇన్నేళ్లుగా వాడుతున్నాను. 'మొదట' అన్నా అదే, 'ఎదుట' అన్నా అదే అని ఎన్నడూ ఆలోచించలేదు. పైగా పొట్టిగా రాశానని పొంగిపోయాను. ఆ పొట్టి వాక్యం నిన్ను ఆకాశం దాకా లేపింది.

దయచేసి ఆపెయ్యి. ఆ పెద్ద మొద్దు జోలికి పోకు. మొక్కలు వచ్చే ఏడాది నాటుకోవచ్చు.

నా కాగితం అచ్చుకి పోకుండా గ్రీజు మాస్టారు ఆపించారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇది మీ అత్తయ్యకి రాసిన ఉత్తరమైతే టెలిగ్రాము ఇచ్చి సరిచేశావు. అంటించాక ఎంతమందికి ఇస్తావు?" అన్నారు. ఆ టెలిగ్రాము ఏం చేసిందో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రెండు అర్థాలు రాని భాష కావాలంటే గ్రంథాల భాషే గతి అని ఇలా మార్చాను, చూడు. "ట్రాక్టరు అగ్రభాగమున తగినంత భారము అమర్చవలెను. ఇరుసునకు దిగువన గల దండమునకు మాత్రమే గొలుసు తగిలించవలెను." గంభీరంగా లేదూ? మామయ్యకి వినిపించి ఎలా ఉందో చెప్పు. కానీ ట్రాక్టరు మాత్రం ఎక్కకు.

నీ కోడలు


ఏప్రిల్ 25

కోడలమ్మ గారికి,

గంభీరంగానే ఉంది. మీ మామయ్య చదువుతుంటే నేను లేచి నిలబడ్డాను, ఎవరో పెద్దమనిషి వచ్చారేమోనని.

అగ్రభాగం అంటే పైభాగం అన్నారు ఆయన. బానెట్ మీద తన ఇస్త్రీపెట్టె పెట్టమంటావా, అందులో బొగ్గులు ఉంచాలా తీసేయాలా, కనుక్కోమన్నారు. దండమునకు గొలుసు తగిలించవలెను అన్నచోట ఇద్దరం ఆగిపోయాం. దండం అంటే చేతులు జోడించి పెట్టేది. అది ఎవరికి పెట్టాలి, గొలుసుకా, ట్రాక్టరుకా? పెట్టినా నష్టం లేదులే అని పెట్టేశాం.

నీ ఉత్తరం మొత్తంలో మాకు తేలిగ్గా అర్థమైంది ఒకే ఒక్క మాట. ఆపెయ్యి. అది మాత్రం చక్కగా రాశావు, రెండో అర్థం లేకుండా.

మీ నాన్న దగ్గు నీకూ అంటుకుందన్నమాట. ట్రాక్టరు తెచ్చినప్పటి నుంచి వీధి వీధంతా నాకు చెబుతున్నది అదేనే. ఆపెయ్యి, నీకెందుకు, మీ ఆయన్ని నడపమను. మా ఆయనకి సూదిలో దారం ఎక్కించడం తప్ప ఏమీ ఎక్కించడం రాదని వాళ్లకి తెలియదు. ఆ వరసలో నువ్వు కూడా వచ్చి నిలబడతావని నేను అనుకోలేదు. ఎలా నడపాలో చెబుతావనుకున్నాను, నడపొద్దని చెబుతావనుకోలేదు.

తాళంచెవి మీ మామయ్య బటన్ల డబ్బాలో దాచారు. ఎవరు చెబితే దాచారో నేను అడగను. దొరికింది. వానలు పడేలోపు ఆ మొద్దు లేస్తుంది, నీ వాక్యం ఉన్నా సరే, లేకపోయినా సరే.

మీ అత్తయ్య


ఏప్రిల్ 29

అత్తయ్యా,

తాళం సంగతి నాకు తెలియదు. నేను చెప్పలేదు. మామయ్యకి భయమేసి ఉంటుంది, ఆయన మీద కోపం పెట్టుకోకు.

నేను ఆపమన్నది నువ్వు నడపలేవని కాదు. నేను రాయలేనేమోనని. నా రాత వల్ల నీకేమైనా అయితే ఆ తర్వాత నేను ఏ అక్షరం ముట్టుకోగలను చెప్పు? అందుకే మొద్దుని వదిలేయమన్నాను. వాక్యాన్ని సరిచేయడం కన్నా నిన్ను ఆపడం తేలికనిపించింది. అది తేలిక కాదని నాకు తెలిసి ఉండాల్సింది.

నిన్న సుద్దముక్క పట్టుకుని షెడ్డులో ట్రాక్టరు చుట్టూ తిరిగాను. చూసిన ప్రతి భాగం మీద దాని పేరు రాశాను. ముందు అని రాసి తుడిచేశాను. ముక్కు అని రాశాను. గ్రీజు మాస్టారు పొగగొట్టం చూపించి, "ఇది ముక్కు కాదా? పొగ దీంట్లోంచే వస్తోంది" అన్నారు. అదీ తుడిచేశాను. అప్పుడు మామయ్య మాట గుర్తొచ్చింది. 'ఆ చిన్న చక్రాలు రెండూ' అన్నారు. దానికి ఇంకో అర్థం ఎవరు తీయగలరు? ట్రాక్టరుకి చిన్న చక్రాలు ఒకవైపే ఉంటాయి, పెద్దవి ఒకవైపే. దిక్కులూ వద్దు, ముందు వెనకలూ వద్దు. ఇదిగో, మళ్లీ రాశాను.

"నడిపేవాళ్లు తప్ప ట్రాక్టరు మీద ఎవరూ ఉండకూడదు. మనుషుల్ని బరువుగా వాడకూడదు. చిన్న చక్రాల దగ్గర ఇనప పలకలు పెట్టి బోల్టులతో బిగించాలి. గొలుసును ట్రాక్టరుకి తగిలించే చోటు పెద్ద చక్రాల ఇరుసు కన్నా నేలకి దగ్గరగా ఉండాలి. గొలుసు బిగుసుకునేదాకా మెల్లగా కదలాలి, కుదుపు ఇవ్వకూడదు. చిన్న చక్రాలు నేలను వదిలితే వెంటనే క్లచ్ తొక్కాలి. ఆ బరువును మళ్లీ లాగకూడదు."

నీకు విడిగా ఇంకొంచెం చెబుతాను. మొద్దు చుట్టూ లోతుగా తవ్వించి, అందినంతవరకు వేళ్లు నరికించు. ట్రాక్టరు చిన్న చక్రాలు దిగువ వైపు ఉండేలా పెట్టి లాగు, ఎగువకి వద్దు. మామయ్యని గొలుసుకి అందనంత దూరంలో నిలబెట్టు.

గ్రీజు మాస్టారు ఒప్పుకున్నారు. అయినా నువ్వు సరేనన్నాకే అచ్చు. కాగితం ఒకటి దీంతో పంపుతున్నాను. అంటించి నడుపు. అవును, నడుపు.

నీ కోడలు


మే 8

అమ్మడూ,

కాగితం సీటు ఎదురుగా అంటించాను. వెల్డింగు షాపు అతని చేత ఇనప పలకలు చేయించి చిన్న చక్రాల దగ్గర బిగించాం. బోల్టులు బిగిస్తుంటే మీ మామయ్య పక్కనే నిలబడి, తనకి బదులు వచ్చినవాళ్లు ఎలా ఉన్నారో చూసుకున్నారు. "నాకన్నా బాగా కూర్చున్నాయి" అన్నారు. మనుషుల్ని బరువుగా వాడకూడదన్న వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, నేను ఏ పని చెప్పినా ముందు అదే వినిపిస్తున్నారు.

వేళ్లు నరికించాం. గొలుసుని కింది కడ్డీకి తగిలించాను. చిన్న చక్రాలు దిగువకి పెట్టాను. మీ మామయ్య దూరంగా గట్టు మీద నిలబడి నీ ఉత్తరంలోంచి ఒక్కో వాక్యం గట్టిగా చదివారు, నేను ఒక్కోటి చేశాను. వీధిలో సగం మంది వచ్చారు. గొలుసు బిగుసుకుంది. మెల్లగా పోనిచ్చాను. మొద్దు కింద ఎక్కడో వేరు పటుక్కుమంది. అందరికీ వినిపించింది. మా పక్కింటాయన ఈలవేశాడు.

అప్పుడు చిన్న చక్రాలు లేచాయి. ఎంతో కాదు, కింద చెయ్యి దూర్చేంత. అన్నీ సరిగ్గా చేసినా లేచాయి. క్లచ్ తొక్కాను. దిగాయి.

ఇక అక్కడి నుంచి అందరూ అరవడమే. "ఇంకొక్కసారమ్మా, ఊడిపోయింది, ఇంకొక్కసారి!" ఇన్నాళ్లూ నన్ను ఆపమన్నవాళ్లేనే వాళ్లంతా. నాకూ తెలుసు, అది ఇంచు కదిలింది. ఇంకోసారి లాగితే వచ్చేసేదేమో కూడా. చెయ్యి గేరు మీదే ఉంది. మీ మామయ్య మాత్రం ఉత్తరం మడిచి పట్టుకుని ఊరికే నా వైపు చూస్తున్నారు.

నీ ఆఖరి వాక్యం ఎదురుగా ఉంది. ఆ బరువును మళ్లీ లాగకూడదు. దాన్ని నిదానంగా చదివాను. 'మళ్లీ' అంటే వేరే రోజు అనుకోవచ్చా అని చూశాను. 'ఆ బరువు' అంటే ఇంకేదో బరువు అనుకోవచ్చా అని చూశాను. నేను మొండిదాన్నని నీకు తెలుసుగా, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని అటు తిప్పి ఇటు తిప్పి చదివాను. ఎటు నుంచి చదివినా ఒక్కటే అర్థం వచ్చింది.

ఇంజిను ఆపి దిగిపోయాను.

మొద్దు అక్కడే ఉంది. నేను ఇక్కడే ఉన్నాను. దాని చుట్టూ వదిలేసి మిగతా వాలంతా మొక్కలు నాటాం. ఉదయం నుంచి సన్నగా వాన పడుతోంది.

ఒక్క అక్షరం కూడా మార్చకు. అచ్చు వేయించు.

మీ అత్తయ్య